రెండూ ఎడమవే అంటగట్టాడు! కొత్త బ్రేకు కాలిపర్లు కొనేవాళ్ళు జాగ్రత్త

చేతులకి బ్రేక్ ఆయిల్ జిడ్డు ఇంకా వదల్లేదు, అయినా రాసేస్తున్నాను. చల్లారితే రాయను, నా సంగతి నాకు తెలుసు.

మన వైపు స్పేర్లు అమ్మే ఆయన, అదే, "ఆయ్, రండి రండి, మీ దగ్గర లాభం తీసుకుంటామా అండి" అంటూ కుర్చీ వేసే ఆయన, మీలో సగం మందికి తెలుసు. పేరు రాయను. ఆయన దగ్గర బ్రేక్ సామాను కొనేటప్పుడు కళ్ళు తెరుచుకుని కొనండి. నేను టీ తాగుతూ కొన్నాను.

ఏడాదిగా షెడ్డులో పాత మారుతి 800 సామాన్లతో చిన్న జీపు లాంటిది కడుతున్నాను. వెల్డింగ్ నాది, తిట్లు మా ఆవిడవి. రోడ్డెక్కించడానికి కాదు లెండి, ఉండి దగ్గర మా రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలు మోయడానికి. వెనక పాత డ్రమ్ములే ఉంచేసి, ముందు డిస్కులకి కొత్త కాలిపర్లు (డిస్కుని ప్యాడ్లతో నొక్కి పట్టే దవడల్లాంటివి), కొత్త మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్ని చక్రాలకి తోసేది), కొత్త గొట్టాలు వేశాను. ఇక ఆయిల్లో చేరిన గాలిని నిపుల్ (చక్రం దగ్గర విప్పితే ఆయిల్, గాలి బయటికి వచ్చే చిన్న మర) లోంచి తీయడమే మిగిలింది. గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బ్రేకు పట్టదు.

రెండు రోజులు తీశామండి. మా ఆవిడ పెడల్ మీద, నేను చక్రం కింద. "కొట్టు, కొట్టు, కొట్టు, పట్టుకో" అని నేను, "పట్టుకున్నా" అని ఆవిడ. నిపుల్‌కి సెలైన్ పైపు తగిలించి, రెండో కొస నీళ్ళ సీసాలో ఆయిల్‌లో ముంచి, దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి వరసగా వచ్చాం. ముందు కుడి చక్రం దగ్గర ఒక్క బుడగ రాలేదు. ఆయిల్ తేనెలా తేటగా వచ్చింది. ఆహా, ఎంత బాగా కట్టానో అని మురిసిపోయాను కూడా. పెడల్ మాత్రం మొదటి తొక్కుకి నేలకి ఆనుతోంది, మూడో తొక్కుకి కాస్త గట్టిపడుతోంది. అర లీటరు డబ్బాలు నాలుగు అయిపోయాయి.

ఆయనకే ఫోన్ చేశాను. "కొత్త సామాను కదండి, రన్నింగ్‌లో సెట్ అయిపోద్దండి" అన్నాడు. బ్రేకు రన్నింగ్‌లో సెట్ అవ్వడమేంటని ఒక్క క్షణం ఆగాల్సింది. ఆగలేదు. నాలుగు బస్తాలు వేసుకుని గట్టెక్కించాను. తూము దగ్గర మలుపులో తొక్కితే పెడల్ మెత్తగా, బురదలో కాలు దిగినట్టు దిగిపోయింది. హ్యాండ్ బ్రేక్ వైరు మీద పనిచేస్తుంది కాబట్టి దానికి ఆయిల్‌తో పని లేదు, అదే కాపాడింది. ముందు చక్రం గట్టు అంచున నిలబడింది, ఒక బస్తా చెరువులో పడింది. రొయ్యలకి పండగ.

సాయంత్రం మా బాబాయి వచ్చాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. స్పానర్ ముట్టుకోలేదు. కుడి చక్రం పక్కన గొంతుక్కూర్చుని, లోపలికి చూసి, "ఒరేయ్, చెరువులో గాలి బుడగ పైకి తేల్తదా, కిందకి మునుగుద్దా?" అన్నాడు.

"పైకే కదా బాబాయ్."

"మరి నిపుల్ కింద పెట్టి గాలిని రమ్మంటే ఎలా వస్తదిరా?"

అప్పుడు చూశాను. ఎడమ కాలిపర్‌కి నిపుల్ పైన ఉంది, కుడిదానికి అట్టడుగున. గాలంతా పై భాగంలో హాయిగా కూర్చుంది, నేను కింద నుంచి మంచి ఆయిల్ వంపేసుకుంటున్నాను. రెండూ విప్పి తుడిస్తే రెండింటి మీదా ఒకటే గుర్తు, ఎల్. రెండూ ఎడమవే! తిరగేస్తే బోల్టులు చక్కగా కుడి వైపుకీ పడతాయి, అదే కొంప ముంచింది.

కౌంటర్ దగ్గర జరిగింది అప్పుడు గుర్తొచ్చింది. "ఒకటి ఎడమ, ఒకటి కుడి కదండీ?" అని నేను నోరు తెరిచి అడిగాను. ఆయన రెండూ గాజు బల్ల మీద పెట్టి, ఒకదాన్ని తిరగేసి, ఎదురెదురుగా జరిపి, "చూడండి, ఇది అటు, ఇది ఇటు. అద్దంలో చూసినట్టు లేవూ?" అన్నాడు. తిరగేసినదాన్ని పట్టుకున్న చెయ్యి తీయలేదు. బొటనవేలు సరిగ్గా నిపుల్ మీద ఉంది. నేను గంగిరెద్దులా తలూపి 5,800 లెక్కపెట్టి ఇచ్చాను. పొరపాటున ఇచ్చాడనుకుందామంటే ఆ వేలు ఒప్పుకోనివ్వట్లేదు.

మళ్ళీ ఫోన్ చేశాను. మన జిల్లాల్లో తిట్టేటప్పుడు కూడా చివర 'అండి' ఉంటుంది కదా. ఆయన నోట్లోంచి అది ఊడిపోయింది. "చూసుకునే కొన్నావ్ గదా. వాడిన సామాను నేను తీసుకోను. బ్రేకు గాలి తీయడం రానోడివి, నీకు కారు దేనికి, ఎద్దుబండి కొనుక్కో." వెనకాల షాపులో ఎవరో నవ్వారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ నవ్వుకి ఒళ్ళు మండింది. బిల్లు చూపిద్దామంటే చీటీ మీద 'కాలిపర్ 2' అని ఉంది, అంతే. ఎడమా కుడీ రాయించుకోని మొనగాణ్ణి నేనే.

ఆ రాత్రికి బాబాయే దారి చూపించాడు. కుడి కాలిపర్ విప్పి, ప్యాడ్లని తోసే పిస్టన్ బయటికి రాకుండా ప్యాడ్ల మధ్య డిస్కు మందం చెక్కముక్క పెట్టి, నిపుల్ ఆకాశం వైపు ఉండేలా చేత్తో ఎత్తి పట్టుకుని గాలి తీశాం. బుడబుడమని ఎంత గాలి వచ్చిందో! పెడల్ రాయిలా అయింది. కానీ ప్రతిసారీ ఈ సర్కస్ చెయ్యలేను కాబట్టి విజయవాడ ఆటోనగర్ వెళ్ళి అసలు కుడిది తెచ్చి బిగించాను.

కాలిపర్లు కొంటే బల్ల మీద కాదు, మీ చేతుల్లోకి తీసుకుని, బండి మీద ఎలా ఉంటుందో అలా పట్టుకుని చూడండి. నిపుల్ రెండు వైపులా పైకే ఉండాలి. చీటీ మీద వైపు రాయించుకోండి. ఆయిల్ డబ్బా సీలు కూడా చూసుకోండి, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మన తేమ గాలికి మూత తెరిచి ఉంటే నీరు పీల్చేస్తుంది.

ఎవరికైనా ముందు ఎడమ కాలిపర్ కావాలంటే నా దగ్గర ఒకటి ఎక్కువ ఉంది. నిపుల్ మీద వేలు పెట్టకుండానే చూపిస్తాను.