కార్డు మీద పార్టు పీకకుండా జబ్బు పట్టుకునే భీమవరం షాపు

రొయ్యల చెరువు నీటికి ఆక్సిజన్ అందించే ఏరేటర్ల డ్రైవ్ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె), అంటే దాని లోపలి కార్డు (సర్క్యూట్ బోర్డు) పోతే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. కంపెనీ సర్వీసు వాళ్లయితే "కార్డు మొత్తం మార్చాలండి" అంటారు, బయట రిపేరు చేసేవాళ్లయితే అనుమానం వచ్చిన ప్రతి కండెన్సరూ (చార్జి నిలవచేసే పార్టు) పీకి చూస్తారు. ఆ రెండోది నా పాత డ్రైవ్‌కి జరిగింది. పీకిన పార్టులన్నీ బాగానే ఉన్నాయట, కానీ సాల్డరింగ్ వేడికి ఆ కార్డు మీద రాగి ట్రాక్‌లు లేచిపోయి, ఇక ఎవరూ చేయలేని స్థితికి వచ్చింది. అందుకే భీమవరంలో ఈ చిన్న షాపు గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను ఈసారి తీసుకెళ్లింది చెరువు గట్టున ఏళ్ల తరబడి తిరిగిన త్రీఫేజ్ డ్రైవ్. కరెంటు ఇస్తే డిస్‌ప్లే వెలుగుతుంది, ఆరుతుంది, మళ్లీ వెలుగుతుంది, మోటారు మాత్రం తిరగదు. షాపాయన ముందు చేసిన పని, లోపలున్న పెద్ద కండెన్సర్లలో చార్జి మిగిలిందేమో చూడటం. 415 వోల్టుల లైను డ్రైవ్‌లోకి వెళ్లి డీసీ అయ్యేసరికి 580 వోల్టులు దాటుతుంది, కరెంటు తీసేశాక కూడా కొంతసేపు లోపలే ఉంటుంది, చెయ్యి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. ఆ జాగ్రత్త చూడగానే నాకు నమ్మకం కుదిరింది. తర్వాత లెన్స్ కింద కార్డంతా చూసి, ఉప్పునీటి చెరువుల గాలికి ఐసీ (చిప్) కాళ్ల దగ్గర పచ్చగా చిలుము పట్టిన చోటు నాకూ చూపించారు.

అప్పుడు ఈఎస్ఆర్ మీటరు తీశారు. కండెన్సర్ లోపలి ద్రవం ఎండిపోయే కొద్దీ దాని లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఈ మీటరు 100 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో చాలా తక్కువ వోల్టేజీతో సిగ్నల్ పంపి దాన్ని కొలుస్తుంది. సిలికాన్ డయోడు గానీ ట్రాన్సిస్టర్ గానీ కండక్ట్ చేయాలంటే సుమారు 0.6 వోల్టు కావాలి, ఇది అంతకంటే బాగా తక్కువ, కాబట్టి చుట్టూ ఉన్నవి అడ్డురావు, పార్టు కార్డు మీదే ఉంచి చూడొచ్చు. పవర్ సప్లై ఐసీ పక్కన చిటికెన వేలి గోరంత 47 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉంది. పైకి ఉబ్బలేదు, కారలేదు. కాళ్ల మీద వార్నిష్ కోటింగ్ సూదిమొనతో కొంచెం గీకి, రెండు పిన్నులూ ఆనించగానే అంకె 15 ఓంలు దాటింది. అదే రకం కొత్తది పెడితే ఒక ఓం కూడా చూపించలేదు. "వేడి లాగే హీట్‌సింక్ పక్కన పెట్టారండీ, ఎండిపోక ఏమవుద్ది" అన్నారు. అదొక్కటే మార్చారు, గీకిన చోట మళ్లీ కోటింగ్ వేశారు, డ్రైవ్ తిరిగింది.

రెసిస్టర్ల విషయంలో ఆయన చెప్పిన మాట నాకు బాగా నచ్చింది. కార్డు మీద ఉన్న రెసిస్టర్‌కి పక్కదారులు ఉంటాయి కాబట్టి అసలు విలువ కంటే తక్కువ చూపిస్తే తప్పుపట్టలేం. ఎక్కువ చూపిస్తే మాత్రం అది పోయినట్టే, పీకి చూడాల్సిన పనే లేదు. అక్కడే ఉన్న ఇంకో రైతు ఆటో ఫీడర్ (మేత వేసే మెషిను) కార్డులో షార్ట్ ఉంటే, ఒక వోల్టు మాత్రమే ఇచ్చి వేడిని చూపించే థర్మల్ కెమెరాతో చూశారు. నువ్వుగింజంత సిరామిక్ కండెన్సర్ ఒక్కటే తెల్లగా వెలిగిపోయింది. అంత తక్కువ వోల్టేజీకి మంచి ఐసీలకి ఏమీ కాదు.

అన్నీ ఇలాగే దొరకవు. కండెన్సర్లు రెండు మూడు ప్యారలల్‌గా ఉంటే మంచిది చెడ్డదాన్ని కప్పేస్తుంది, అప్పుడు ఒక కాలు మాత్రం లేపి చూస్తారు. వేడెక్కాక మాత్రమే వచ్చే జబ్బులకి బాగా టైం పడుతుంది, ఆయన అది ముందే చెప్పేస్తారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. రిపేరు కాకపోయినా చెకింగ్ చార్జి 300 తీసుకుంటారు. నాకు అది న్యాయమే అనిపించింది, గంటసేపు కూర్చుని వెతికేది ఆయనే కదా. కానీ ఫోన్ ఎత్తరు, కల్చర్ సీజన్‌లో కార్డులు గుట్టలుగా ఉంటాయి, రేపు అంటే ఎల్లుండి అవుతుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే టైంలో ఏరేటర్ ఆగితే ఆ ఒక్కరోజే చాలు రొయ్యలు పోవడానికి, ఈ మాట ఆయనకి ఇంకా గట్టిగా చెప్పాలి. కార్డు ఇచ్చేటప్పుడు తేదీ కాగితం మీద రాయించుకోండి, ఈలోగా డ్రైవ్ లేకుండా నేరుగా స్టార్టర్‌తో ఏరేటర్ తిప్పుకునే ఏర్పాటు చూసుకోండి.

వెళ్లేముందు వైర్లు ఏ టెర్మినల్‌లో ఉన్నాయో ఫోటో తీసుకోండి. అదే మోడల్ మంచి కార్డు ఇంకొకటి ఉంటే అదీ పట్టుకెళ్లండి, రెండూ పక్కపక్కన పెట్టి ఒకే పాయింట్‌లో రీడింగులు పోల్చి చూస్తారు, ఐసీ పోయిందా లేదా అన్నది దాంతో త్వరగా తేలుతుంది.