బ్రాడీపేట కేబుల్ నెట్: స్పీడ్ బాగుంది, సైట్ ఎందుకు ఆగిందో మాత్రం చెప్పరు

కంపెనీ పేరు రాయట్లేదు, గుంటూరు బ్రాడీపేటలో మా లైన్‌లో సగం ఇళ్లకి ఈ కేబుల్ కంపెనీ నెట్టే. స్పీడ్‌కి వంక పెట్టలేం, 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి సాయంత్రం అందరూ వాడే టైమ్‌లో కూడా 80 దాకా వస్తుంది, గాలివానకి ఫైబర్ తెగి బాక్స్ మీద ఎర్ర లైట్ వెలిగితే ఫోన్ చేసిన పూటే కుర్రాడు బండేసుకుని వచ్చి అతికించి పోతాడు, టీ డబ్బులు కూడా అడగడు.

గొడవల్లా వేరే. మా నాన్నగారు రోజూ పొద్దున్నే చదివే ఒక వార్తల సైట్ ఉన్నట్టుండి రావటం మానేసింది. ఎర్రర్ అని కూడా పడదు, తెల్ల పేజీ, మధ్యలో గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. వైఫై ఆపి ఫోన్ డేటాలో చూస్తే టక్కున ఓపెన్ అవుతోంది. కస్టమర్ కేర్‌కి చేస్తే "పైనుంచి బ్లాక్ ఆర్డర్ అండీ" అన్నాడు. ఎవరిచ్చారు బాబూ అంటే "అవి మాకు చెప్పరు సార్". గవర్నమెంట్ ఆర్డరే అయితే అన్ని కంపెనీల్లోనూ ఆగాలి కదా, మా సిమ్‌లో ఎలా వస్తోంది అంటే "టికెట్ రైజ్ చేస్తానండి" అని పెట్టేశాడు.

బ్లాక్ చెయ్యడం మీద నాకేం కోపం లేదు. పిల్లల మీద అఘాయిత్యాల వీడియోలు, లోన్ యాప్ మోసాలు, ఇవన్నీ ఆపాల్సిందే, ఆన్‌లైన్ జూదం అయితే మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు (తమాషా ఏంటంటే ఈ కనెక్షన్‌లో బెట్టింగ్ సైట్లు జామ్మని వస్తున్నాయి). కానీ దానికో పద్ధతుంది. ఐటీ చట్టం 69ఏ కింద దేశ భద్రత, శాంతిభద్రతల్లాంటి కారణాలకే కేంద్రం సైట్ ఆపించాలి, ఆ కారణం కాగితం మీద రాయాలి. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఫేస్‌బుక్ పోస్టులకి జనాన్ని అరెస్టు చేయించిన 66ఏని కొట్టేసి ఈ 69ఏని మాత్రం ఉంచింది, కారణాలు రాసి ఉంటాయి కాబట్టి కోర్టుకెళ్లి సవాల్ చేసుకోవచ్చు అన్న లెక్కలో. తీరా ఈ 69ఏని అమలు చేసే 2009 బ్లాకింగ్ రూల్స్‌లో 16వ రూల్ చూస్తే ఫిర్యాదులూ చర్యలూ అన్నీ గోప్యం. అసలు చూపించని కాగితం మీద కోర్టుకి ఎలా వెళ్తాం అండీ? ఈ గుట్టు ఉండబట్టే ఎవరైనా "పైనుంచి" అనేసి చేతులు దులిపేసుకోవచ్చు. నెట్ ఇచ్చేవాళ్ళు సొంతంగా ఆపడానికి వీల్లేదు, 2018 నెట్ న్యూట్రాలిటీ నిబంధనల ప్రకారం చట్టానికి లోబడిన సైట్‌ని ఆపకూడదు, స్లో కూడా చెయ్యకూడదు. ఆర్డర్ ఉంటే ఆ తెల్ల పేజీ మీదే ఫలానా సెక్షన్, ఫలానా తేదీ అని వెయ్యడానికి ఏం పోయింది?

ఆర్డర్ నంబర్ ఇవ్వమని మెయిల్ పెట్టా. జవాబు రాలేదు గానీ సైట్ వచ్చేసింది. నాన్నగారు హ్యాపీ.

5కి 3 ఇస్తున్నా, ఆ 3 కూడా వైర్లు అతికించే కుర్రాడికే. తీసుకునేవాళ్ళు ఆరు నెలల ప్యాక్ డిస్కౌంట్ చూసి టెంప్ట్ అవ్వకండి, నెల నెలా కట్టుకోండి, ఏదైనా సైట్ ఆగితే ఫోన్‌లో కాదు, మెయిల్‌లోనే అడగండి.