పైలట్ మెడికల్‌కి రంగు లెన్స్ అమ్ముతున్నారు, దయచేసి డబ్బు కట్టకండి

ఆ కన్సల్టెన్సీ పేరు రాయను. పైలట్ ట్రైనింగ్ కోసం హైదరాబాద్‌లో నాలుగు చోట్ల వాకబు చేసినవాళ్ళకి ఎలాగూ తెలుసు, గోడ నిండా విమానాల ఫొటోలు ఉంటాయి.

మా తమ్ముడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. "అదో సమస్యే కాదు మేడం, మా లెన్స్ పెట్టుకుంటే ఇషిహారా బుక్ గడగడా చదివేస్తాడు" అన్నారు. రంగు చుక్కల్లో దాగిన అంకెలు చదివించి రంగులు తెలుస్తున్నాయో లేదో చూసే పుస్తకం అది. 45 వేలు. కంటి వ్యాయామాలు ఫ్రీ అట. పుట్టుకతో వచ్చినదాన్ని కనుగుడ్లు తిప్పించి పోగొట్టే మహానుభావులు!

లెన్స్ పెట్టుకుంటే వాడు అంకెలు చదివిన మాట నిజమే. ఎర్రటి లెన్స్‌లోంచి చూస్తే చుక్కల్లో కొన్ని ముదురుగా, కొన్ని లేతగా అవుతాయి కాబట్టి అంకె బయటపడుతుంది. కానీ పైలట్ల కాంటాక్ట్ లెన్స్‌కి రంగు ఉండకూడదు. రోజూ ఇదే వ్యాపారం చేసేవాళ్ళకి ఈ ముక్క తెలియదంటే నేను నమ్మను.

ట్రైనింగ్‌కి ముందు చేయించుకునే క్లాస్ 2 మెడికల్‌లో డాక్టరుగారు టార్చ్ వేయగానే ఎర్రగా కనబడింది, తీయించేశారు. మొదటి పేజీలో 12 చదివాడు. అది రంగులు తెలియనివాళ్ళకీ కనిపిస్తుంది లెండి. తర్వాతి పేజీలో 8 ఉంటే 3 అన్నాడు. అక్కడితో సరి. పైగా "దాచిపెట్టి వచ్చావా" అని చీవాట్లు.

డబ్బు అడగడానికి వెళ్ళాం. డబ్బు కట్టేదాకా మావాణ్ణి "రండి కెప్టెన్" అని పిలిచిన మనిషి ఈసారి కూర్చోమని కూడా అనలేదు. రసీదు వెనక్కి తిప్పి, అడుగున చీమల్లాంటి అక్షరాల మీద వేలు పెట్టాడు. "కళ్ళు మీవి, మేం తయారుచేసి ఇచ్చామా?" అన్నాడు. వాడి ముందే అన్నాడు! మేం ఇంకా నిలబడే ఉన్నాం, పక్క కుర్చీలో ఉన్న ఇంకో తండ్రీకొడుకుల కోసం డ్రాయర్‌లోంచి అదే లెన్స్ డబ్బా తీశాడు. "వద్దండీ, కట్టకండి" అని ఆయనకి గట్టిగానే చెప్పాను. సెక్యూరిటీని పిలిచారు.

ఎవరికీ పైసా కట్టకముందే మామూలు కంటి డాక్టరు దగ్గర ఇషిహారా టెస్ట్ చేయించండి. సైట్ ఉంటే మాత్రం బెంగపడొద్దు, కమర్షియల్ పైలట్లకి చేసే క్లాస్ 1 మెడికల్‌కి కూడా అద్దాలతో ఒక్కో కన్ను 6/9, రెండూ కలిపి 6/6 వస్తే చాలు. ఇప్పటికే కట్టి ఇరుక్కున్నవాళ్ళు కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను చేశాను, రసీదు ఫొటో రెండు వైపులా తీసి పెట్టుకోండి.