తొమ్మిదేళ్లు పెంచాక 'బ్లూ స్టార్' జూనిపర్ గురించి నా మాట

ముందే ఒప్పుకుంటాను, సూదుల్లాంటి ఆకులతో ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ జూనిపర్ పొదని నేను "కొత్త రకం" అనుకునే కొన్నాను. కుండీకి వేలాడుతున్న చీటీలో పెద్ద అక్షరాలతో అదే రాసి ఉంది. పిడికిలి కన్నా కాస్త పెద్ద మొక్క, బూడిద కలిసినట్టుండే నీలం రంగు, వేలు పెడితే సన్నగా గుచ్చుకునే పొట్టి సూదులు. చీటీ పూర్తిగా చదవకుండానే ఎత్తుకొచ్చేశాను. తీరా ఇంటికొచ్చి వెతికితే ఈ 'బ్లూ స్టార్' అమ్మకానికి వచ్చింది 1964లోనట, అంటే వయసులో నాకన్నా పెద్దది! పాతది కావడం ఒకందుకు మంచిదే అయింది. దీని గుణమేంటో, ఎక్కడ మొండికేస్తుందో అరవై ఏళ్లుగా పెంచినవాళ్లందరికీ తెలుసు, చీటీ రాసినవాళ్లకి తప్ప.

దీని పుట్టుక కథ మాత్రం నాకు భలే నచ్చింది. హిమాలయాల నుంచి చైనా, తైవాన్ కొండల దాకా సహజంగా పెరిగే జూనిపర్ జాతి ఒకటుంది, స్క్వామాటా అని. గత శతాబ్దం మొదట్లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున చైనాలో తిరుగుతూ మొక్కలు పోగేసిన ఫ్రాంక్ మేయర్ (మేయర్ నిమ్మకి ఆ పేరొచ్చింది ఈయన వల్లే) అక్కడి నుంచి ఒక నీలపు స్క్వామాటాని పంపాడు, దానికి 'మేయెరి' అని పేరు పెట్టారు. అది మనిషెత్తు దాటి అడ్డదిడ్డంగా పెరిగే రకం. 1950 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో ఒక మేయెరి మీద ఒక్కచోట మాత్రం కొమ్మలు చీపురుకట్టలా పొట్టిగా, గుబురుగా వచ్చాయి. విచెస్ బ్రూమ్ అంటారు దీన్ని, చెట్టు మీద ఒక మొగ్గ దారి తప్పితే ఇలా అవుతుంది. ఆ గుబురులోంచి ముక్కలు తీసి వేళ్లు పట్టిస్తే వచ్చిందే బ్లూ స్టార్. గింజల నుంచి ఈ రకం రాదు కాబట్టి నా దగ్గరున్నదీ మీరు ఎక్కడైనా చూసేదీ అన్నీ ఆ ఒక్క గుబురు ముక్కలే.

పెరుగుదల గురించి చెప్పాలంటే, ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. మొదటి ఏడాది ఏమీ జరగలేదు, నిజంగానే ఏమీ జరగలేదు, బతికుందా అని గోటితో కొమ్మ గీరి చూసుకున్నాను. ఆ తర్వాత ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు, మంచి ఏడాదైతే ఎనిమిది. ఇప్పుడు ఎత్తు 45 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 80. మధ్యలో కాస్త ఉబ్బి అంచులు కిందికి వాలిన దిండులా ఉంటుంది. మేయెరి వంశం కదా, ఎప్పుడో ఒకసారి తండ్రి గుణం బయటపడి కొమ్మ నిటారుగా లేస్తుందేమో అని చూశాను, ఇంతవరకు లేవలేదు. పొట్టిగా ఉంటుందన్న మాట మీద మాత్రం చీటీ అబద్ధం చెప్పలేదు.

ఇక రంగు. అందరూ కొనేది దీనికోసమే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. ఒక సూది తెంపి భూతద్దం కింద పెట్టండి. పొడవు సెంటీమీటరు లోపే, మొనదేలి ఉంటుంది, కాడ చుట్టూ మూడేసి చొప్పున వస్తాయి. సూది లోపలి వైపు రెండు తెల్లటి చారలుంటాయి, వెనక వైపు పచ్చదనం కాస్త ఎక్కువ. చిగురు మొనని నేరుగా పైనుంచి చూస్తే ఈ లోపలి వైపులన్నీ విచ్చుకుని నక్షత్రంలా కనిపిస్తాయి, పేరు అందుకే కాబోలు. మరి ఆ నీలం ఎక్కడుందంటే, సూది మీద పేరుకున్న సన్నటి మైనం పూతలో ఉంది. వేలితో గట్టిగా రుద్దితే ద్రాక్షపండు మీది బూడిదలా పోతుంది, కింద మామూలు పచ్చ బయటపడుతుంది.

ఈ సంగతి నాకు తెలిసింది మూడో ఏడు, అదీ మొక్కని పాడుచేసుకున్నాక. ఎండలు ముదిరినప్పుడు ఒక పక్క కొమ్మలు మసకబారి, దుమ్ము పట్టినట్టు పసుపు చుక్కలతో కనిపించాయి. నల్లి (ఆకుల రసం పీల్చే సన్నటి పురుగు) అనుమానం వచ్చి తెల్ల కాగితం కింద పట్టి కొమ్మని తట్టాను. మిరియం పొడి చల్లినట్టు చుక్కలు పడ్డాయి, రెండు క్షణాల తర్వాత ఆ చుక్కలు నడవడం మొదలుపెట్టాయి. టెన్షన్‌లో నర్సరీలో ఎవరో చెప్పిన నూనె మందు తెచ్చి నిండా కొట్టేశాను. నల్లి చచ్చింది, దాంతోపాటు నీలం కూడా పోయింది. వారం తిరిగేసరికి నా వెండి నీలపు మొక్క తడిసిన గొంగళిలా ముదురు పచ్చగా తయారైంది. నూనె మైనాన్ని కరిగించేస్తుంది, ఒకసారి పోయిన సూది మీద మళ్లీ పూత రాదు, కొత్త చిగుళ్లు వచ్చి కప్పేదాకా ఆగాల్సిందే. నాకు ఆ ముచ్చట తీరడానికి రెండు సీజన్లు పట్టింది. మందు సీసా మీద "నీలపు కోనిఫర్లకి (అంటే ఇలాంటి సూది ఆకుల మొక్కలకి) వాడొద్దు" అని చిన్న అక్షరాలతో ఉందట, తర్వాత చూశాను. ఇప్పుడు నల్లి కనబడితే పొద్దున్నే పైపుతో గట్టిగా, ముఖ్యంగా కింది వైపు నుంచి నీళ్లు కొడతాను, మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాలు. చాలావరకు దాంతోనే పోతుంది.

ఎండ తగ్గినా రంగు తగ్గుతుంది. రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. పక్కనున్న పొద పెరిగి నీడ పడ్డ వైపు నా మొక్క పలచబడి పచ్చబడింది, ఆ పొదని నరికాక కూడా ఆ వైపు పూర్తిగా పూడలేదు. చలికాలంలో నీలం కాస్త మొద్దుబారి ఉక్కు రంగులోకి, కొన్ని మొనలు ఊదా ఛాయలోకి వెళ్తాయి. నేలమీద పాకే మరో జూనిపర్ జాతి, హారిజాంటాలిస్ రకాలు చలికి పూర్తిగా నేరేడు రంగుకి తిరుగుతాయి, దానితో పోలిస్తే ఇది నయం. మంచు ఎంత కురిసినా దీనికి పట్టదు, సున్నాకి 30 డిగ్రీలు కిందికి పోయినా తట్టుకునే జాతి. దీనికి పడనిదల్లా వేడీ ఉక్కా కలిసి రావడం, రాత్రిళ్లు కూడా చల్లబడని చోట్లు. మీది అలాంటి చోటైతే ఈ మొక్క జోలికి వెళ్లొద్దు, ఎంత బాగా చూసుకున్నా ఏదో ఒక ఏడాది లోపలి నుంచి ఎండిపోతుంది.

నాకు బొత్తిగా నచ్చనిది ఒకటుంది. పైన నీలంగా నవనవలాడుతుంటుంది గానీ కొమ్మ పక్కకి తీసి చూడండి, లోపలంతా గోధుమరంగు ఎండు సూదులే. రాలవు, అలాగే పట్టుకుని వేలాడుతుంటాయి. మొదట్లో రోగమనుకున్నాను, కాదు, దీని తీరే అంత. శుభ్రం చేద్దామని చేతులు పెట్టారో మోచేతుల దాకా దద్దుర్లు. కత్తిరింపు సంగతి ఇంకా ఘోరం, ఆకు లేని పాత చెక్కలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. మిగతా పొదల్లాగా గుండ్రంగా కొట్టేద్దాం అనుకుంటే జీవితాంతం కనబడే కన్నం పడుతుంది. నాకు పడ్డ కన్నం నేను కొట్టింది కాదు, పొరుగువాళ్ల కుక్క రోజూ వచ్చి కాలెత్తిన చోటు. ఆరేళ్లయింది, ఇప్పటికీ అక్కడ చిప్ప అంత ఖాళీ.

రెండో మొక్క కూడా కొన్నాను, అది నాలుగో ఏడు చచ్చిపోయింది, తప్పు నాదే. బంకమట్టి నేలలో గుంత తవ్వి, గుంతలో మాత్రం మంచి మట్టి నింపి పెట్టాను. వానలకి ఆ గుంత బకెట్టులా నీళ్లు పట్టుకుంది. మోసం ఎక్కడుందంటే, ఈ జాతి మొక్కలు వేర్లు చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తాయి, ఆకు వాలదు, ముడుచుకోదు. రంగులో జీవం తగ్గిందేంటి అని నేను అనుమానపడేసరికి అంతా అయిపోయింది. పీకి చూస్తే వేళ్ల పైతోలు తొడుగులా జారిపోయి లోపల దారప్పోగు మాత్రం మిగిలింది, వాసన కూడా. అందుకే నేల బంకగా ఉంటే గుంత కాదు, మట్టిని దిబ్బలా ఎత్తి దాని మీద పెట్టండి. కుండీలో పెంచేవాళ్లకి ఇదే కష్టం తిరగబడుతుంది, నీళ్లు చాలకపోయినా మొక్క చెప్పదు, వేలు రెండు కణుపుల దాకా మట్టిలో పెట్టి చూసుకోవాల్సిందే. నేలలో మాత్రం రెండేళ్లు దాటాక నేను నీళ్లు పోసిన రోజులు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎరువు అసలే వేయను.

ఐదో ఏడు 'ఫ్లోరియంట్' తెచ్చాను, ఇది బ్లూ స్టార్ మీదే పుట్టిన మార్పు, నీలం మధ్యలో మీగడ రంగు మచ్చలు చల్లినట్టుంటాయి. ఏదైనా మొక్కకి కొత్త రకమని హక్కులు ఇవ్వాలంటే ఉన్నవాటి నుంచి తేడా కనబడాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, మళ్లీ మళ్లీ పెంచినా ఆ గుణం నిలవాలి అని చూస్తారు, కొత్త మొక్క రకాల హక్కుల కోసం దేశాల మధ్య 1961లో వచ్చిన యూపీఓవీ ఒప్పందం నుంచి పద్ధతి అదే. ఆ లెక్కన నా ఫ్లోరియంట్ మొదటిది పాసై చివరిది ఫెయిలయ్యేదేమో! ఒక కొమ్మ మచ్చలు వదిలేసి మామూలు నీలానికి వెళ్లిపోయింది, అలాంటివి కనబడగానే మొదట్లోనే తీసేయాలి, లేదంటే బలంగా పెరిగి మిగతాదాన్ని మింగేస్తాయి. మచ్చలున్న మొనలు మిట్టమధ్యాహ్నం ఎండకి మాడతాయి కూడా. దూరం నుంచి చూసిన చుట్టాలు దానికి జబ్బు చేసిందనుకున్నారు. నా ఓటు మామూలు బ్లూ స్టార్‌కే, బ్రిటన్ తోటల సంఘం రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ల అవార్డ్ ఆఫ్ గార్డెన్ మెరిట్ దీనికి ఊరికే రాలేదు. ఎక్కువ నేల కప్పాలంటే మాత్రం దీని అన్నదమ్ముడు 'బ్లూ కార్పెట్' చూడండి, అదీ మేయెరి నుంచి వచ్చిందే, రంగు అదే, కానీ పైకి లేవకుండా మీటరున్నర దాకా పరుచుకుంటుంది.

అడుగుతారు కాబట్టి చెబుతున్నా, తొమ్మిదేళ్లలో దీనికి ఒక్క కాయ కూడా నేను చూడలేదు. జిన్‌లో వేసే జూనిపర్ కాయలు వేరే జాతివి, కమ్యూనిస్ అంటారు. జూనిపర్ అన్న పేరుంది కదా అని ఏ పొద కాయ పడితే అది నోట్లో పెట్టుకోకండి, సబీనా లాంటివి విషం.

పోయిన చలికాలం మొదట్లో కొమ్మ ముక్కలు నాటి చూశాను, పక్క కొమ్మని కిందికి లాగి మడమతో సహా (అంటే పెద్ద కొమ్మ చెక్క కాస్త అంటుకొచ్చేలా) చీల్చి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో పన్నెండు గుచ్చాను. ఆరు నెలలు అన్నీ పచ్చగానే ఉన్నాయి, వీటి సంగతి తెలుసు కాబట్టి మురిసిపోలేదు. మెల్లగా లాగి చూస్తే తొమ్మిది చేతికి ఊడొచ్చాయి. మూడు మాత్రం మట్టిని పట్టుకున్నాయి, వాటిలో ఒకటి కుక్క చేసిన కన్నం పక్కన పెడదామనుకుంటున్నాను, చుట్టూ కంచె కట్టి.