అరచేతి కింద రెండు లివర్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

నా గిటార్‌కి తీగల చివర్లు పట్టుకునే మామూలు టెయిల్‌పీస్ తీసేసి, రెండు లివర్లున్న బెండర్ (తీగని లాగి శృతి పెంచే పరికరం) బిగించుకుని ఆరేళ్లు దాటింది. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా విప్పేయలేదు. అయినా గిటార్ వాయించే ప్రతి ఒక్కరినీ కొనమని చెప్పను. పెడల్ స్టీల్ గిటార్‌లో (తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాలి పెడల్స్‌తో శృతి మారుస్తూ వాయించేది, దీన్నే స్టీల్ అంటాను) కార్డ్, అంటే కలిపి పలికే స్వరాలు, మోగుతూ ఉండగానే లోపలి ఒక స్వరం మాత్రం మెల్లగా పైకి లేస్తుంది చూడండి, ఆ శబ్దం మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లకే ఇది పనికొస్తుంది.

ఈ బెండర్‌లో రెండో తీగ, మూడో తీగ (సన్నటి వైపు నుంచి లెక్క) చివర్లు చెరో లివర్‌కి తగిలించి ఉంటాయి. కుడి అరచేతి అడుగుతో లివర్ నొక్కితే ఆ తీగ వెనక్కి లాగబడి శృతి పెరుగుతుంది, వదిలితే మళ్లీ మొదటి శృతికి వస్తుంది. ఎంతవరకు పెరగాలో ఒక చిన్న స్టాప్ స్క్రూతో సెట్ చేసుకోవాలి.

వేలితో తీగని పక్కకి తోసి బెండ్ చేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఒక తీగ వరకైతే సరిపోతుంది. కానీ అయిదో ఫ్రెట్‌లో (మెట్టులో) బార్ వేసి, అంటే చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కి, ఎ మేజర్ కార్డ్ పట్టుకోండి. పై శృతి ఇచ్చే సన్నటి మూడు తీగల్లో, మూడో తీగ నుంచి వరుసగా, సి షార్ప్, ఇ, ఎ ఉంటాయి. ఇప్పుడు మూడో తీగని హాఫ్ స్టెప్ (ఒక ఫ్రెట్ అంత), రెండో తీగని ఫుల్ స్టెప్ (రెండు ఫ్రెట్లంత) ఒకేసారి పెంచితే అవి డి, ఎఫ్ షార్ప్ అవుతాయి, మొదటి తీగ ఎ దగ్గరే ఉంటుంది. ఎడమచెయ్యి అంగుళం కదలకుండా ఎ కార్డ్ కాస్తా డి కార్డ్ అయిపోయింది. ఇ9 అనే ట్యూనింగ్‌లో ఉన్న పెడల్ స్టీల్‌లో ఎ, బి అనే రెండు పెడల్స్ కలిపి తొక్కితే జరిగేది సరిగ్గా ఇదే. బార్ పట్టుకున్న వేళ్లతో ఈ పని చేయలేం.

అందుకే స్టాప్‌లు ఎలా పెట్టుకోవాలన్నది పెద్ద విషయం. మొదటి ఏడాది నేను రెండు తీగలకీ ఫుల్ స్టెప్ పెట్టుకున్నాను. ఒక్కో తీగ మీద మెలోడీ వాయించడానికి బాగుండేది కానీ, రెండూ కలిపి నొక్కితే కార్డ్ చెడిపోయేది. మూడో తీగని హాఫ్ స్టెప్‌కి తగ్గించిన రోజు నుంచే నా గిటార్ స్టీల్‌లా పలకడం మొదలైంది.

శృతి విషయంలో మాత్రం ఓపిక కావాలి. ఒక తీగ ఫుల్ స్టెప్ పెరగాలంటే దాని టెన్షన్ సుమారు 26 శాతం పెరగాలి, హాఫ్ స్టెప్‌కి 12 శాతం. అందుకు తీగ లాగబడేది ఒక మిల్లీమీటరు అటూఇటుగా మాత్రమే. ఇంత తక్కువ కదలికలో నట్ (గిటార్ తల దగ్గర తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర తీగ కొంచెం పట్టేసినా శృతి తిరిగి రాదు. మొదటి మూడు నెలలు లివరే పాడైందనుకుని తెగ బాధపడ్డాను. తప్పు నట్‌లో ఉన్న గాడిదే, లివర్‌ది కాదు. ఆ గాడిని సన్నటి ఆకురాయితో కొంచెం వెడల్పు చేసి, నున్నగా రుద్ది, పెన్సిల్ పొడి రాశాక ఆ బాధ దాదాపు పోయింది. తీగలు మార్చిన ప్రతిసారీ ముందు అన్నీ మామూలుగా శృతి చేసి, తర్వాత లివర్ నొక్కిపట్టి స్టాప్ స్క్రూ సరిచేస్తాను. పావు తిప్పుకే చెవికి తేడా తెలుస్తుంది.

ఒకసారి మూడో తీగగా చుట్టు తీగ (సన్నటి తీగ మీద ఇంకో తీగ చుట్టినది) వేశాను. లివర్ చివరిదాకా నొక్కినా కావలసిన స్వరం రాలేదు. చుట్టు తీగలో టెన్షన్ మోసేది లోపలున్న సన్నటి తీగే కాబట్టి అదే శృతి పెరగడానికి ఇంకా ఎక్కువ లాగాలి. మళ్లీ చుట్టులేని ప్లెయిన్ తీగకే వచ్చేశాను.

ఇక వాయించే చేతి సంగతి. అరచెయ్యి ఎప్పుడూ లివర్ల దగ్గరే ఉండాలి కాబట్టి పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగల్ని అణిచి వాయించడం) దాదాపు మర్చిపోవాల్సిందే. పిక్ బ్రిడ్జ్‌కి (తీగలు బాడీ మీద ఆనే చోటుకి) దగ్గరగా పడి శబ్దం పలచబడుతుంది, టోన్ నాబ్ కొంచెం తగ్గించుకుంటాను. 1960ల చివర్లో అమెరికన్ సంగీతకారులు క్లారెన్స్ వైట్, జీన్ పార్సన్స్ చేసిన బెండర్‌లో గిటార్ నెక్‌ని కిందికి నొక్కితే భుజం పట్టీ రెండో తీగని లాగుతుంది, కుడిచేతికి పూర్తి స్వేచ్ఛ. కానీ దాన్ని లోపల అమర్చాలంటే గిటార్ బాడీని తొలవాలి, పట్టీ వేసుకుని వాయించాలి. నేను కూర్చుని వాయిస్తాను, చెక్కని తొలవడానికి మనసొప్పదు. నాకు అరచేతి లివరే సరైనది.

నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటుంది. స్టీల్ శబ్దం నొక్కడంలో సగమే ఉంది, మిగతా సగం వదలడంలో ఉంది. ముందే లివర్ నొక్కిపెట్టి, తీగ మీటి, తర్వాత మెల్లగా వదలాలి. ఆ దిగే జారులోనే ఏడుపులాంటి స్వరం వినిపిస్తుంది. చటుక్కున వదిలితే అంతా పోయినట్టే. రోజూ పది నిమిషాలు వదలడం మాత్రమే సాధన చేశాను, ఏడాది పట్టింది. కాలితో శబ్దం పెంచి తగ్గించే వాల్యూమ్ పెడల్ తోడైతే మీటిన దెబ్బ దాగి, స్వరం ఎక్కడినుంచో తేలివచ్చినట్టు ఉంటుంది. ఈ పెడల్ లేకుండా లివర్లు కొని ప్రయోజనం తక్కువని నా అభిప్రాయం.

అరుగుదల గురించి: నాలుగో ఏడు మొదటి లివర్ ఇరుసు దగ్గర కొంచెం వదులై కిర్రుమనేది. పలుచని వాషర్ వేసి చుక్క నూనె వేశాక ఆగింది. రెండో తీగ లివర్ అంచు దగ్గరే పదేపదే తెగేది, ఆ అంచుని సన్న ఎమెరీ కాగితంతో గుండ్రంగా రుద్దాను. ఇప్పుడు మామూలు గిటార్‌లో కంటే తొందరగా ఏమీ తెగడం లేదు.

ఫ్రెట్లున్న గిటార్‌లో స్టీల్ మీద జరిపే ఉక్కు కడ్డీ ఇచ్చే అతుకులేని జారు, వైబ్రేటో (స్వరం వణుకు) రావు, లివర్లు ఎన్ని ఉన్నా సరే. అందుకే ఈ ఏడాది గిటార్‌ని ఓపెన్ ఇ ట్యూనింగ్‌కి (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటితే ఇ కార్డ్ పలికే శృతికి) మార్చి, చిటికెనవేలికి తీగల మీద జారే స్లైడ్ గొట్టం తొడిగాను. ఈ ట్యూనింగ్‌లో పై మూడు తీగలు జి షార్ప్, బి, ఇ. మూడో తీగ హాఫ్ స్టెప్, రెండో తీగ ఫుల్ స్టెప్ లేస్తే ఎ, సి షార్ప్, ఇ, అంటే స్లైడ్ కదలకుండానే ఇ కార్డ్ ఎ అవుతుంది. మూడో తీగ మొదటే హాఫ్ స్టెప్ పైన ఉంటుంది కాబట్టి దాని స్టాప్ మళ్లీ సరిచేయాలి, తీగల ఎత్తు కూడా కొంచెం పెంచాను. లివర్లు వదులుతూ అయిదో ఫ్రెట్ నుంచి ఏడుకి జారడం ఇంకా కుదురుగా రావట్లేదు. రాత్రిళ్లు దానిమీదే కూర్చుంటున్నాను.