రోలాండ్ జేసీ-40: స్టీరియో గిటార్ రిగ్‌కు ఒకే పెట్టె సరిపోతుందా?

ఎలక్ట్రిక్ గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ ఒక్కటే. దాన్ని రెండుగా చీల్చి, పక్కపక్కన పెట్టిన రెండు యాంప్లిఫైయర్లకు పంపినంత మాత్రాన అది స్టీరియో అయిపోదు. శబ్దం కాస్త పెరుగుతుంది, అంతే. మధ్యలో కూర్చున్నవారికి గిటార్ ఎదురుగా ఒకే చోటు నుంచి మోగుతున్నట్టే వినిపిస్తుంది. ఎడమ చెవికీ కుడి చెవికీ అందే ధ్వనుల మధ్య కాలంలోనో, స్థాయిలోనో, శ్రుతిలోనో తేడా ఉన్నప్పుడే ఆ ధ్వని గదంతా పరచుకుంటుంది. ఈ సంగతి సరిగా బోధపడకుండానే నేను ఏడాదిపాటు రెండు యాంపులతో కుస్తీ పట్టి, చివరికి వాటిని పక్కన పెట్టి, ఒకే పెట్టెలో రెండు యాంపులున్న రోలాండ్ కంపెనీ జేసీ-40 తెచ్చుకున్నాను. కనుక ఈ సమీక్ష కొంతవరకు ఆ రెండు యాంపులతో పోలికగానే సాగుతుంది.

పాత అమరికలో ఒకటి 15 వాట్ల వాల్వ్ యాంపు, అంటే పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసేది, రెండోది ట్రాన్సిస్టర్ యాంపు. రెండూ విడివిడిగా బాగానే మోగేవి, కలిపితేనే చిక్కులు. మొదటిది హోరు. రెండు యాంపులకూ కరెంటు ప్లగ్గు ద్వారా ఒక ఎర్త్, గిటార్ కేబుల్ పైపొర ద్వారా మరొక ఎర్త్ కలిసి ఒక వలయం ఏర్పడుతుంది. ఆ వలయంలో పారే స్వల్ప విద్యుత్తే మన 50 హెర్ట్జ్ కరెంటు తాలూకు గుయ్‌మనే మోతగా స్పీకర్‌లోకి వస్తుంది. ఒక మరమ్మతు దుకాణంలో, ఒక యాంపు ప్లగ్గుకు ఎర్త్ పిన్ను పీకేస్తే సరిపోతుందని తేలిగ్గా చెప్పారు. పీకేస్తే హోరు తగ్గే మాట నిజమే. అయితే వాల్వ్ యాంపు లోపల వందల వోల్టులుంటాయి. ఏ తీగో జారి లోహపు చట్రానికి తగిలితే, ఆ విద్యుత్తు గిటార్ తీగల మీదుగా వాయించేవారి వేళ్లలోకి వస్తుంది. ఆ సలహాను ఎవరూ పాటించకూడదు. సరైన మందు, సిగ్నల్‌ను చీల్చే చోట ఒక వైపు దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (ఎర్త్‌లను కలవనివ్వకుండా సిగ్నల్‌ను మాత్రమే దాటించేది) ఉన్న స్ప్లిటర్ పెట్టడం. నేను అదే చేశాను, హోరు పోయింది.

రెండో చిక్కు అంత తేలికగా దొరకలేదు. రెండు యాంపులూ కలిసి మోగుతున్నప్పుడు ఆరో తీగ, అంటే అన్నిటికన్నా లావు తీగ, ఒంట్లో సత్తువ లేనట్టు వినిపించేది. ఒక యాంపు స్పీకర్ ముందుకు తోస్తున్న క్షణంలో రెండో యాంపు స్పీకర్ వెనక్కి లాగుతోందన్నమాట. లోపలి సర్క్యూట్ల తీరును బట్టి కొన్ని యాంపులు సిగ్నల్‌ను తలకిందులు చేసి పంపుతాయి, కొన్ని చేయవు. చీల్చే పెట్టెలో పోలారిటీ మార్చే, అంటే సిగ్నల్‌ను తలకిందులు చేసే, స్విచ్ ఉంటే నొక్కి చూడడమే పరీక్ష. ఎటు నొక్కినప్పుడు మంద్రం నిండుగా వస్తుందో అదే సరైన స్థితి. ఇది కూడా సర్దుకున్నాక మిగిలింది స్వభావాల తేడా. వాల్వ్ యాంపు గట్టిగా మీటితే ముద్దగా పలికేది, రెండోది అదే మీటుకు పదునుగా పలికేది. కొందరు ఈ తేడానే కోరి రెండు రకాల యాంపులు కలుపుతారు, అందులో తప్పేమీ లేదు. నాకు మాత్రం డిలే పెడల్ (ధ్వనిని కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించే, కాలితో నొక్కే చిన్న పెట్టె) ఎడమకూ కుడికీ పంపే ప్రతిధ్వనులు ఒకే గొంతుతో పలకాలనిపించింది.

జేసీ-40 ఈ మూడు ఇబ్బందులనూ పుట్టనివ్వదు. 20 వాట్ల యాంపులు రెండు, 10 అంగుళాల స్పీకర్లు రెండు ఒకే పెట్టెలో ఉంటాయి. కరెంటు తీగ ఒక్కటే కనుక ఎర్త్ కూడా ఒక్కటే. రెండు వైపులా ఒకే సర్క్యూట్ కనుక పోలారిటీ గురించి బెంగ లేదు. 1975లో వచ్చిన జేసీ-120 జాజ్ కోరస్ దీనికి పెద్దన్న. దానిలో 60 వాట్ల యాంపులు రెండు, 12 అంగుళాల స్పీకర్లు రెండు, బరువు 28 కిలోలు. లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉండే నాలాంటివాడికి ఆ ఒక్క అంకె చాలు. జేసీ-40 దాదాపు 16 కిలోలే, ఒక్క మనిషి మోయగలడు.

ఈ జాతి యాంపులకు పేరు తెచ్చింది కోరస్. ఒక స్పీకర్ నుంచి గిటార్ ధ్వని ఉన్నదున్నట్టుగా వస్తుంది. రెండో స్పీకర్ నుంచి అదే ధ్వని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా, ఆ ఆలస్యం కూడా మెల్లగా పెరుగుతూ తరుగుతూ వస్తుంది. ఆలస్యం మారుతున్నంతసేపూ శ్రుతి లేశమాత్రంగా కిందికీ పైకీ ఊగుతుంది. ఈ రెండూ కేబుల్‌లో కాక గదిలోని గాలిలో కలుస్తాయి కనుకనే ఆ కలయికకు అంత లోతు. ఇదే కోరస్‌ను 1976లో విడి పెట్టెగా చేసి, రోలాండ్‌దే అయిన బాస్ (Boss) బ్రాండు కింద సీఈ-1 పేరుతో విడుదల చేశారు. పెడల్ రూపంలో వచ్చిన తొలి కోరస్ అదే. తంత్రీ స్వరాలను విడివిడిగా, నిదానంగా మీటేటప్పుడు జేసీ-40 కోరస్‌కు సాటి వచ్చేది ఈ ధరలో నేను వినలేదు. అయితే గమకాలు పలికించేవారు ఆ ఊపు ఎంత ఉండాలో నిర్ణయించే డెప్త్ మీట తగ్గించుకోవాలి. మోహనలో గాంధారాన్ని సాగదీసి ఆపినప్పుడు, వేలి ఊపు ఎక్కడ ఆగిందో యంత్రం ఊపు ఎక్కడ మొదలైందో చెవికి తెలియకుండా పోతుంది.

నా దృష్టిలో ఈ యాంపు అసలు విలువ కోరస్‌లో లేదు. ఎడమకూ కుడికీ విడివిడిగా ఉన్న రెండు ఇన్‌పుట్లలో ఉంది. పాత జేసీ-120లో ముందువైపు ఈ సౌకర్యం లేదు. కంప్రెసర్ (ధ్వని హెచ్చుతగ్గులను సమం చేసేది), ఓవర్‌డ్రైవ్ (ధ్వనిని గరుకుగా మార్చేది) వంటి మోనో, అంటే ఒకే అవుట్‌పుట్ ఉన్న, పెడళ్లన్నీ ముందు పెట్టి, ఆ తరువాత రెండు అవుట్‌పుట్లున్న డిలే, రివర్బ్ (హాలు మార్మోగినట్టు చేసేది) పెడళ్ల నుంచి రెండు కేబుళ్లు నేరుగా యాంపులోకి తెచ్చుకోవచ్చు. ఒక జాగ్రత్త అవసరం. స్టీరియోగా విడిపోయిన తరువాత దారిలో ఒక్క మోనో పెడల్ ఉన్నా అంతా మళ్లీ ఒకటైపోతుంది. శబ్దాన్ని లయగా పెంచి తగ్గించే నా ట్రెమొలో పెడల్ ఆ పని చేస్తోందని కనిపెట్టడానికి నాకు ఒక పూట పట్టింది. నిమిషానికి 120 దెబ్బల లయకు ఒక దెబ్బ 500 మిల్లీసెకన్లు, దాని ముప్పాతిక 375. ఎడమ డిలేను 375కూ కుడి డిలేను 500కూ పెట్టుకుంటే ప్రతిధ్వనులు ఒకదానికొకటి అడ్డురాకుండా, ఒక వైపు నుంచి అడిగినదానికి మరో వైపు నుంచి జవాబు వచ్చినట్టు మోగుతాయి. ఇదంతా చేసేటప్పుడు యాంపులోని కోరస్‌ను ఆపేయడమే మేలు.

ఇక లోపాలు. ధ్వనిని కావాలని చిట్లించే డిస్టార్షన్ మీట ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు. దాన్ని తిప్పితే డబ్బాలో చిక్కిన తుమ్మెద రొదలా సన్నగా, గరుకుగా పలుకుతుంది. దాన్ని సున్నా మీద వదిలేసి, ఆ పని పెడల్‌కు అప్పగించాను. శుభ్రమైన ధ్వనిలో కూడా దాక్షిణ్యం లేదు. వాల్వ్ యాంపు కప్పిపుచ్చే చిన్న తప్పులను ఇది ఉన్నవి ఉన్నట్టు వినిపిస్తుంది, సాధనకు మంచిదే గానీ అలసిన సాయంత్రాలలో కాస్త కష్టంగా ఉంటుంది.

పెద్ద లోపం వెడల్పు. పెట్టె వెడల్పు రెండడుగుల చిల్లర. స్పీకర్ల నడుమ దూరం అంతకన్నా తక్కువ. ఐదారు అడుగుల దూరంలో, రెండింటికీ నడిమధ్య, చెవుల ఎత్తున పెట్టుకుని వింటే స్టీరియో స్పష్టంగా తెలుస్తుంది. నేల మీద పెట్టి గది అవతలి మూలన నిలబడితే ఆ తేడా దాదాపు కరిగిపోతుంది. రెండు విడి యాంపులను ఎనిమిదడుగుల ఎడంగా పెట్టినప్పుడు వచ్చిన విస్తారం ఇందులో రాదు, ఆ విషయంలో పాత అమరికే గెలుస్తుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాత్రం ఈ కొరత ఉండదు. అపార్టుమెంటులో రాత్రి పదకొండు దాటాక నేను వినేది అలాగే.

వేదిక మీద వాడదలచినవారికి ఒక మాట. మన దగ్గర సౌండ్ చూసే కుర్రవాళ్లు అలవాటుగా ఒక్క మైకు తెచ్చి ఒక్క స్పీకర్ ముందు పెట్టి వెళ్లిపోతారు. అది కోరస్ లేని స్పీకరైతే, వాయించేవారికి సముద్రంలా వినిపించే ధ్వని సభికులకు చప్పగా చేరుతుంది. యాంపు వెనక ఉన్న రెండు లైన్ అవుట్లనూ (మైకు లేకుండా సిగ్నల్‌ను నేరుగా పంపే సాకెట్లు) మిక్సర్‌కు ఇచ్చి, ఒకదాన్ని ఎడమకూ మరొకదాన్ని కుడికీ తిప్పించుకోవాలి. ఆ హాలు సౌండ్ సిస్టమ్ మోనో అయితే, ఎడమ కుడులు తీగలోనే కలిసి కొన్ని స్వరస్థాయిలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి కనుక, ఎడమ లైన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం నయం. నేను ఈ మధ్య వాయించిన రెండు కల్యాణ మండపాలలోనూ అలా ఒక్క తీగే ఇవ్వవలసి వచ్చింది. రెండో తీగను చుట్టి సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.