చెకవుట్ గొడవ, భీమిలి నడక
వైజాగ్ వెళ్లే వాళ్లకి ముందు ఒకటి చెప్పాలి, రూము తీసుకునేటప్పుడు చెకవుట్ టైమ్ కాగితం మీద రాయించుకోండి. మాకు ఫోన్‌లో 24 గంటల చెకవుట్ అన్నారు, మొదటి రోజు సాయంత్రం ఆరింటికి దిగాం కాబట్టి ఆఖరి రోజు ఆరింటి దాకా ఉండొచ్చనుకున్నాం. పొద్దున తొమ్మిదిన్నరకి కుర్రాడొచ్చి తలుపు కొట్టాడు, పదింటికల్లా ఖాళీ చెయ్యాలంట, లేదంటే ఇంకో 900. రోజుకి 1,800 తీసుకున్నారండీ! అప్పుడే తలస్నానం చేసిన అత్తయ్య తడి జుట్టుతోనే బట్టలు సర్దుకుంది. పోనీ బ్యాగులన్నా సాయంత్రం దాకా కింద పెట్టుకోమంటే ఒక్కోదానికి 100, మావి ఆరు. మా ఆయన గట్టిగా అరిచేసి అన్నీ ఆటోలో వేయించాడు, స్టేషన్‌కి 150.

స్టేషన్ క్లోక్‌రూమ్‌లో ఆరు బ్యాగులకీ కలిపి రెండొందలు కూడా కాలేదు. బ్యాగులకి తాళాలుండాలి, ట్రైన్ టికెట్ చూపించాలి, అంతే.

అరకు, కైలాసగిరి ముందు రోజుల్లోనే అయిపోయాయి, బాగానే ఉన్నాయి. రాత్రి ట్రైన్ దాకా ఏం చేద్దామంటే పాప ఎర్రమట్టి దిబ్బలు అంది. స్టేషన్ దగ్గరే 900కె బస్సెక్కాం, ఆడవాళ్లకి ఫ్రీ అనుకున్నాం కానీ అది ఆంధ్రా కార్డులున్న వాళ్లకే, మేం వరంగల్ వాళ్లం, టికెట్ కొన్నాం.

దిబ్బలు ఫోటోల్లో చూసినదానికంటే చాలా బాగున్నాయి. గాలికి పోగైన ఇసుక ఇనుము వల్ల ఎర్రబడి, వాన నీళ్లు కోసుకుంటూ పోయి సందులు సందులుగా లోయలు పడ్డాయి. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. అలాంటి చోట జనం గట్ల మీద నుంచి జారుతున్నారు, పేర్లు చెక్కుతున్నారు, చూస్తే కడుపు మండిపోయింది. దయచేసి పిల్లల్ని ఎక్కనివ్వకండి.

అక్కణ్ణించి ఒడ్డుకి దిగి కుడివైపు సముద్రం పెట్టుకుని భీమిలి దాకా నడిచాం. నాలుగైదు కిలోమీటర్లే కానీ మాకు రెండున్నర గంటలు పట్టింది, ఎందుకంటే అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, పడవ కనిపించినప్పుడల్లా దాని నీడలో కూర్చునేది. మా ఆయన మొదటి గంట మాట్లాడలేదు, హోటల్ వాళ్లడిగిన ఆ 900 గురించే ఆలోచన. దారిలో ఆడవాళ్లకి బాత్రూమ్ అనేది మాకెక్కడా కనపడలేదు, అది చూసుకుని బయల్దేరండి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, లాగేస్తుంది.

భీమిలిలో ఒకావిడ ఇంటి ముందు రెండు బల్లలేసి భోజనం పెడుతోంది, చేపల పులుసుతో 130, వంజరం వేపుడు ముక్క 120. పులుసు రాత్రి వండిందేనమ్మా అని ముందే చెప్పింది, అందుకే అంత రుచి, ముక్కకి పులుపు బాగా పట్టింది. బయట మంచినీళ్లు కూడా తాగని మా అత్తయ్య రెండోసారి అన్నం పెట్టించుకుని, చింతపండు ఎంత వేశావమ్మా అని వంటింట్లోకే వెళ్లిపోయింది. మా ఆయన అప్పుడు నవ్వాడు. నలుగురికి 760, పాప తాగిన మజ్జిగకి ఆవిడ డబ్బులు తీసుకోనంది.

డచ్ వాళ్ల సమాధులు, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు చూడాలనుంది కానీ అత్తయ్య ఇక నడవలేనంది. ఈసారి రూమే భీమిలిలో తీసుకుందామని బస్సులో తనే అంది.